ఎడమపక్క వంత

బుర్రకథకి ముగ్గురుండాలి. నడుమ తంబురా పట్టుకుని కథ చెప్పేవాడు. కుడిపక్కన డక్కీ వాయిస్తూ లోకం పోకడ గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పే వంత. ఎడమపక్కన ఇంకో డక్కీతో వెర్రిమొర్రి ప్రశ్నలు వేసి జనాన్ని నవ్వించే వంత. ఆ మూడోవాణ్ణి నేను. నేనే ఎందుకంటే, నడుమ నిలబడేవాడు మా బావ, అప్ప మొగుడు, కంపెనీ ఆయనది. కుడిపక్కాయనకి పేపరు చదవడం వచ్చు. నాకూ బడికీ నాలుగో తరగతిలోనే మాటలు పోయాయి. ఇంక మిగిలిన చోటు అదొక్కటే.

కంపెనీ అంటున్నానని పెద్దగా ఊహించుకోకండి. ముగ్గురం మనుషులం, ఒక తంబురా, రెండు డక్కీలు, మూడు జతల గజ్జెలు, అప్ప ఉతికి గంజి పెట్టే మూడు నిలువు చొక్కాలు. వాటిలో నాది మిగిలిన రెండింటి కంటే జానెడు పొట్టి. గుడ్డ చాలక కాదు, కావాలనే అలా కుట్టించారు. వెర్రివాడు నోరు విప్పకముందే జనానికి తెలిసిపోవాలని మా బావ పట్టుదల.

ఎడమ వంతకి మా కంపెనీలో రెండు కట్టుబాట్లుండేవి. మొదటిది అందరికీ ఉన్నదే: దణ్ణం పెట్టి గజ్జె కట్టాక మంగళం పాడేదాకా విప్పకూడదు, బల్ల దిగకూడదు. రెండోది నా ఒక్కడికే. కథ చెప్పేవాడు ఏం అడిగినా జవాబు చెప్పి తీరాలి. తెలియదు అనకూడదు, ఊరుకోకూడదు. చెప్పిన జవాబుకి జనం నవ్వాలి. నవ్వలేదా, బావ ఏమీ ఎరగనట్టు అదే ప్రశ్న మళ్లీ అడిగేవాడు. ఒకసారి రోలుగుంట దగ్గర ఒకే ప్రశ్న అయిదుసార్లు అడిగాడు. అయిదోసారికి జనం నవ్వారు గాని, నా జవాబుకి కాదు, నా మొహానికి.

బావకి ఇంకో పద్ధతి ఉండేది. ఏ ఊళ్లో కథ ఉన్నా పొద్దున్నే బజారంతా ఒక చుట్టు చుట్టి కబుర్లు ఏరుకొచ్చేవాడు. ఎవరి ఎద్దు ఎవరి చెరకులో పడింది, ఎవరి అల్లుడు అలిగి వెళ్లిపోయాడు, ఎవరు పాలలో ఎన్ని నీళ్లు పోస్తున్నారు. ఎవరి పేరూ ఎత్తకుండా వాటిని కథ మధ్యలో నామీదికి విసిరేవాడు. ముందుగా మాత్రం నాకు చెప్పేవాడు కాదు. "సెప్పీసి వండింది సల్లారిపోద్దిరా. వేడిగా పడాల," అనేవాడు. వేడిగా పడేది నా చేతిలో అని ఆయనకెప్పుడూ తట్టలేదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. దేవరాపల్లిలో మా మేనత్త ఉండేది. ఆ వేసవిలో నాలుగు రోజులు ఆవిడ ఇంట్లో ఉన్నాను. పక్కింటి అమ్మాయి జల్లెడ కోసం వచ్చింది. నా బుద్ధి కొద్దీ వెంటనే మూడు హాస్యాలాడాను. ఒక్కదానికీ నవ్వలేదు. జల్లెడ తీసుకుని గుమ్మం దాటుతూ, "మొదటిది బావుంది. మిగతా రెండూ అక్కర్లేదు," అని వెళ్లిపోయింది. నా జీవితంలో నా మాట విని, తూచి, నవ్వకుండా జవాబు చెప్పిన మొదటి మనిషి ఆమె. ఆ రాత్రి అత్తతో చెప్పాను, చేసుకుంటే ఆ అమ్మాయినే చేసుకుంటానని. అత్త నన్ను ఎగాదిగా చూసి, "నిజంగా సెప్తన్నావా, ఆటకా?" అంది. నిజమేనని మూడుసార్లు చెప్పించుకుంది.

అమ్మాయి తండ్రి చెరకు రైతు. మాట తక్కువ మనిషి. ఒక్కర్తే కూతురు. అత్త ఆయన చెవిన వేసింది: కుర్రాడికి చెడ్డలవాట్లు లేవు, మాటకారి, చోడవరంలో పాటల కంపెనీలో ఉన్నాడు. ఆయన నెల రోజులు ఆలోచించి, ఒకసారి చూస్తానన్నాడు. చూడనిస్తే ఏ గురువారమో మా ఇంటికి వచ్చి, మజ్జిగ తాగి, నాలుగు మాటలడిగి వెళ్లేవాడు. అత్త అదే అంది. నేనే వద్దన్నాను. వినాయక చవితికి మా ఊరి బెల్లం బజారులో పందిరి వేస్తారు, అక్కడ మా కథ ఉంటుంది, ఆ రోజు రమ్మను అన్నాను. అంతమంది జనం మా ముగ్గురికేసి చూస్తూ కూర్చుంటారు కదా, ఆ వైభవం ఆయన చూడాలని నా ఆశ. పొట్టి చొక్కా సంగతి ఆ ఆశలో నాకు గుర్తు రాలేదు.

ఈ సంగతి బావకి చెప్పలేదు. చెబితే బల్ల మీదికి తెస్తాడని భయం. అప్పకీ చెప్పలేదు. అప్పకి తెలిస్తే బావకి తెలియడానికి ఒక పూట చాలు. ఇద్దరికీ దాచి నేనేదో గొప్ప తెలివైన పని చేశాననుకున్నాను.

చవితి పందిట్లో మా కథ మధ్యాహ్నం మూడింటికి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు సాయంత్రం బస్సులందుకోవాలి కాబట్టి మాకెప్పుడూ ఆ వేళే ఇచ్చేవారు. రెండు నాటుబళ్లు పక్కపక్కన నిలిపి, వాటిమీద బల్లలు పరిచి, గోనెలు కప్పారు. ముగ్గురికీ చాలీచాలని చోటు. నా ఎడమ భుజానికి పందిరి గెడ, కుడి చెవికి బావ తంబురా బుర్ర. అడుగు వెనక్కి వేస్తే బండి చక్రం మీద పడతాను, ముందుకి వేస్తే దేవుడి ముందు పెట్టిన పళ్లెంలో పడతాను. పైన సన్నటి వాన. కింద జనం ఒకరి మోకాలు ఒకరి వీపుకి ఆనేలా కిక్కిరిసి కూర్చున్నారు.

గజ్జె కట్టుకుని డక్కీ తీస్తూ ఆడవాళ్ల వైపు చూశాను. అత్త ఉంది. గడ్డంతో ముందు వరస చూపించింది. సరిగ్గా నడుమ, పందిరి పెద్ద అయిన బెల్లం వర్తకుడి పక్కన, కొత్త ఉత్తరీయం వేసుకుని, కొత్త గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. కొత్త మనిషి, చేతిలో గొడుగు, పెద్దరికంగా ఉన్నాడని వర్తకుడే పిలిచి ముందు కూర్చోబెట్టాడట. నేను చూడగానే ఆయన చూపు దించుకున్నాడు. చూడ్డానికొచ్చిన వాణ్ణి అవతలవాడే ముందు చూస్తే బాగుండదు కదా.

కథ మొదలైంది. ఇద్దరన్నదమ్ముల యుద్ధం కథ, బావ సొంతంగా కట్టుకున్నది. మొదటి అరగంట నేను చాలా మర్యాదగా ఉన్నాను. బావ ప్రశ్న వేస్తే తక్కువ నవ్వొచ్చే జవాబు చూసి చెప్పాను. బావ నాకేసి రెండుసార్లు వింతగా చూశాడు, జ్వరమొచ్చిందేమో అన్నట్టు. అన్న సైన్యం ఏటికి అటు నిలబడింది, తమ్ముడి సైన్యం ఇటు నిలబడింది. ఇంక కత్తులు దూయాలి. బావ అక్కడ తంబురా ఆపాడు. కబురు విసిరే చోటు అదే.

"ఒరే బావమరిదీ."

"ఓయ్."

"కత్తులు కాసేపు ఆగుతాయి గాని, ఈవేళ మన సోడవరంలో ఒక పెద్దమనిషి బస్సు దిగేడంట. విన్నావా?"

"దిగినోడు దిగుతాడు, ఎక్కినోడు ఎక్కుతాడు. నాకేటి, నాను కండక్టర్నా?"

చిన్న నవ్వు. అప్పటికి నాకింకా ఏమీ తెలియదు.

"వట్టినే దిగలేదురా. టీ కొట్లో సెప్పేడంట. పెళ్లికొడుకుని సూడ్డానికి వచ్చేడంట. ఎవులింటికో మాత్రం సెప్పలేదంట."

నా చెయ్యి డక్కీ మీద ఆగిపోయింది. కుడిపక్కాయన నా దెబ్బ కూడా తనే వేసి లెక్క సరిచేశాడు. ముందు వరసలో పెద్దమనిషి గొడుగు పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. టీ తాగుతూ పక్కవాడితో ఒక్క మాట అన్నాడు, అంతే. పేరు కూడా ఎత్తలేదు. అంత జాగ్రత్తపరుడు. ఆ ఒక్క మాటా బజారులో పడి, బావ చేతికి దొరికి, ఇప్పుడు నా చేతిలో ఉంది. వేడిగా.

"సెప్పరా," అన్నాడు బావ. "మన ఊరి పెళ్లికొడుకు ఎలాటోడు?"

బావకి ఏమీ తెలియదు. సంజ్ఞ చేద్దామని కళ్లు పెద్దవి చేశాను. జనం నవ్వారు. తల అడ్డంగా ఆడించాను. ఇంకా నవ్వారు. వెర్రివాడి మొహం మీద ఏ సంజ్ఞ పెట్టినా వెర్రే. సరే, మంచి చెబుదాం, ఉన్నదే చెబుదాం, ఆయన వింటాడు కదా అనుకున్నాను.

"మంచోడు బావా."

మంచోడు అన్నమాటకే పందిరంతా గొల్లుమంది.

"ఎంత మంచోడు?"

"తాగడు. పేకాడడు."

"ఆడకా తాగకా మరేటి సేస్తాడ్రా పొద్దల్లా?" వెనకనుంచి ఎవరో అరిచారు. దానికి ఇంకో నవ్వు.

"సదువుకున్నాడా?" అన్నాడు బావ.

"నాలుగు సదివేడు."

"నాలుగు ఏటి? శాస్త్రాలా?"

"నాలుగు క్లాసులు."

వర్తకుడు తొడ చరుచుకున్నాడు. పక్కనున్న పెద్దమనిషి వీపు కూడా చరిచాడు. ఆయన గొడుగుతో సహా ముందుకి ఊగాడు.

"పనేటి?"

"నలుగురిలో నిలబడి మాటాడే పని."

"ఓహో, వకీలు," అన్నాడు కుడిపక్కాయన. ఎప్పుడూ లోకహితమే చెప్పే ఆయనకి కూడా ఆవేళ హాస్యం పుట్టింది.

"సరే గాని," అన్నాడు బావ, "ఆ పెళ్లికూతురు గుంటని తీసుకొచ్చి ఆడు ఏటి పెడతాడ్రా?"

ఈ ఒక్కదానికి ముందు వరసలో పెద్దమనిషికేసి చూసి జవాబు చెప్పాను. "ఉన్నదాంట్లో బాగా సూసుకుంటాడు."

ఎవరూ నవ్వలేదు. ఒక్క క్షణం గెడ మీద పడుతున్న వాన చప్పుడు వినిపించింది. పెద్దమనిషి తలెత్తాడు. ఆ క్షణం ఇంకొంచెం ఉంటే నా పెళ్లి కుదిరిపోయేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కాని జనం నవ్వలేదు కదా, బావ తన పద్ధతి ప్రకారం అదే ప్రశ్న మళ్లీ అడిగాడు.

"ఏటి పెడతాడ్రా?"

"సూసుకుంటాడు బావా. సూసుకోలేడేటి?"

నా గొంతు జీరబోయింది. దానికి నవ్వారు. ఆ జీర కూడా నేర్చుకున్న విద్యే అనుకున్నారు.

"ఇన్ని తెలుసు గదా నీకు. మరి ఆడెవుడో సెప్పు."

ఇంక ఎటూ దారి లేదు. తెలియదంటే కట్టుబాటు ఒప్పదు. ఊరుకుంటే మళ్లీ అడుగుతాడు, చీకటి పడేదాకా అడుగుతాడు. ఇంకెవరి పేరో చెబితే ఆ ఇంట్లో ఆడపిల్లలు, పెద్దలు ఈ పందిట్లోనే ఉంటారు. పైగా ముందు కూర్చున్నాయన, వీడు నా కూతుర్ని వద్దంటున్నాడు కాబోలు అనుకుంటాడు. దిగి పారిపోదామంటే కాలికి గజ్జె. నాకు తెలిసిన జవాబు ఒకటే మిగిలింది.

"నానే," అన్నాను.

ఆ నవ్వు నేను చెప్పలేను. పందిరి గెడలు ఊగాయి. పైన నిలిచిన నీళ్లు ఒక పక్కకి ఒరిగి దబ్బున పడ్డాయి. పద్దెనిమిదేళ్లుగా బల్ల మీద ఒక్కసారీ నవ్వని మా బావ తంబురా కౌగలించుకుని కూలబడ్డాడు. ఆడవాళ్ల మధ్య కూర్చున్న అప్ప చెంగు నోట్లో కుక్కుకుంది. నేను, "నిజం బావా, నానే," అన్నాను. ఇంకా నవ్వారు. "దేవుడెదురుగా సెప్తన్నాను," అన్నాను. ఇంకా. నాట్లు ఊడ్చిన మడిలో దిగబడ్డవాడు కాలు లాగిన కొద్దీ ఇంకో కాలు దిగినట్టు, నిజం చెప్పిన కొద్దీ నేను లోపలికి పోతున్నాను.

నవ్వనివాళ్లు ఇద్దరే. ఒకరు అత్త. రెండోవాడు ఆయన. వరస మధ్యలో ఇరుక్కున్నాడు. లేచి వెళ్తే ఆ బస్సు దిగిన పెద్దమనిషి ఆయనేనని అందరికీ తెలిసిపోతుంది. కూర్చుంటే ఇది వినాలి. వర్తకుడు కళ్లు తుడుచుకుంటూ, మోచేత్తో ఆయన డొక్కలో పొడిచి ఏదో అన్నాడు. ఆయన నాకేసి చూశాడు. తరవాత నెమ్మదిగా పళ్లు కనిపించేలా నవ్వాడు.

ఆ తరవాత ఇంకా గంటన్నర కథ ఉంది. అన్నదమ్ములు యుద్ధం చేశారు, తమ్ముడు చచ్చిపోయాడు, అన్న ఏడ్చాడు. నేను తందాన తాన అంటూనే ఉన్నాను.

మంగళం అయ్యాక గజ్జె ఊడదీసి పందిరి వెనక్కి పరిగెత్తాను. ఆయన అక్కడే ఉన్నాడు, గొడుగు కింద. పక్కన అత్త. దగ్గరకి వెళ్లి చేతులు జోడించాను.

"మా బావకి తెల్దు బాబూ. నాను సెప్పలేదు. మిమ్మల్ని ఎగతాళి సెయ్యాలని కాదు."

"మీ అత్త సెప్పింది," అన్నాడు. కోపం లేదు. "నువ్వు అక్కడన్నవన్నీ నిజమేనంది."

"అన్నీ నిజమే బాబూ."

"ఊ." బస్సొచ్చే వైపు ఒకసారి చూశాడు. "ఉన్నదాంట్లో సూసుకుంటానన్నావు. నాకు నచ్చింది ఆ మాట."

నేను జోడించిన చేతులు దించాను.

"కాని తరవాత నానూ నవ్వేను బాబూ. పక్కాయన పొడిసేడని నవ్వేను. నా గుంటని ఎవులికి ఇద్దామని వచ్చేనో ఆ మనిషిని సూసి, నలుగురితో కలిసి నవ్వీసేను. ఇంక ఆ మనిషి కాళ్లు ఎలాగ కడుగుతాను?"

"నవ్వితే ఏటైంది బాబూ? అందరూ నవ్వుతారు. మా అమ్మ నన్ను కన్నప్పుడు మంత్రసాని కూడా నవ్విందంట."

నోరు అలవాటు. ఏడుపు రావలసిన చోట ఇది వచ్చింది. ఆయన పెదవులు కదిలాయి. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా నవ్వాడు. "సూసేవా. మళ్లీ," అన్నాడు. గొడుగు మడిచి, వానలోనే బస్సు వైపు నడిచాడు.

అత్త వెళ్లి బావని ఏమేమందో నాకు తెలియదు. చాలాసేపటికి ఆయన వచ్చి నా పక్కన బండి కాడి మీద కూర్చున్నాడు.

"నాకు ఒక ముక్క సెప్పొచ్చు కదరా."

"సెప్తే అడక్కపోదువా?"

బావ అబద్ధమాడే మనిషి కాదు. బాగా ఆలోచించాడు. "అడుగుదునేమో," అన్నాడు.

నాలుగు రోజుల తరవాత రోలుగుంట పందిట్లో కథ. దారిలో బావ, ఆ ముక్క ఇంక జన్మలో ఎత్తనన్నాడు. అన్నట్టే ఏటి ఒడ్డున సైన్యాలు నిలబడ్డ చోట ఆగకుండా కత్తుల్లోకి వెళ్లబోయాడు. చోడవరం బెల్లం బజారుకి వచ్చినవాళ్లలో సగం మంది ఆ చుట్టుపక్కలవాళ్లే. "పెళ్లికొడుకు ముక్క సెప్పండి," అని ఒకరన్నారు. పదిమందన్నారు. తరవాత పందిరంతా అంది. బావ తంబురా ఆపి నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. అడగలేక నిలబడ్డాడు. కుడిపక్కాయన డక్కీ మీద ఊరికే వేళ్లాడిస్తున్నాడు. ముగ్గురికీ ఆ పూట భోజనం ఆ పందిరివాళ్లే పెట్టారు.

"అడుగు బావా," అన్నాను.

అడిగాడు. మంచోడా అన్నాడు, మంచోడన్నాను. సదువుకున్నాడా అన్నాడు, నాలుగన్నాను. ఏటి పెడతాడన్నదగ్గర ఆయన గొంతే జీరబోయింది. దానికీ నవ్వారు. ఆడెవుడన్నప్పుడు నాకు వెంటనే మాట రాలేదు. డక్కీ మీద రెండు దెబ్బలు వేసి, అప్పుడు, "నానే," అన్నాను. చోడవరంలో కంటే పెద్ద నవ్వు. ఆ రెండు దెబ్బల ఆలస్యం వల్లనని నాకు అక్కడే, ఆ నవ్వు మధ్యలోనే తెలిసింది. ఆ సంవత్సరం మేం వెళ్లిన ప్రతి ఊళ్లోనూ యుద్ధం కంటే ముందు అదే అడిగారు.

మాఘమాసంలో ఆ అమ్మాయికి పెళ్లయిందని అత్త కబురు పంపింది. ఎవరో వ్యవసాయం చేసుకునే అబ్బాయి, నెమ్మదైనవాడంట. కబురు అందిన మధ్యాహ్నమే అనకాపల్లి దగ్గర ఒక ఊళ్లో కథ ఉంది. అడిగారు. చెప్పాను. ఆవేళ "నానే" అనే ముందు మూడు దెబ్బలు వేసి చూశాను. మూడు ఎక్కువ. జనం ముందే పసిగట్టేస్తున్నారు. మర్నాటి నుంచి మళ్లీ రెండే వేశాను.